భావ్ పక్కన రెండు ముక్కలు

వ్యాపార్ విహార్‌లో షట్టర్ ఎత్తగానే మొదటి పని భావ్ రాయడం. బిలాస్‌పూర్ చుట్టుపక్కల చిల్లర కొట్లవాళ్లు సరుకెత్తే టోకు బజారు ఇది. పప్పులు, నూనెలు, మసాలా దినుసులు, డ్రైఫ్రూట్స్... ఒక్కోదానికీ నిన్నటి ధర, ఇవాళ్టి ధర వేసి, తేడా ఎందుకొచ్చిందో పక్కన రెండు ముక్కలు రాసుకోవాలి. గుమస్తాగా నేను నేర్చుకున్న విద్యంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ఇదివరకు అక్కడ 'వాన లేదు' అనో, 'లారీల సమ్మె' అనో ఉండేది. ఈమధ్య దేశాల పేర్లు ఎక్కువయ్యాయి.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. అప్పటిదాకా మన దేశం తెప్పించుకునే సన్‌ఫ్లవర్ నూనెలో సింహభాగం ఉక్రెయిన్‌దే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఇక్కడ పాతుకుపోయిన మా తెలుగు ఇళ్లలో ఆ నూనె లేనిదే పోపు పడదు. నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగాయి. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఒక నూనె దొరక్కపోతే జనం ఇంకో నూనె మీద పడతారు. సోయాతో సహా అన్నీ కలిసే ఎగిశాయి.

సేంధా నమక్ కథ వేరు. ఏకాదశికీ నవరాత్రులకూ ఉపవాసమున్నవాళ్లు వాడే ఆ గులాబీ రంగు ఉప్పు పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్‌డా గనిది. పుల్వామా దాడి తర్వాత, 2019 ఫిబ్రవరిలో, పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం వేశారు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దాడి జరిగింది. మే 2న దిగుమతి పూర్తిగా నిషేధించారు. వేరే దేశం మీదుగా తిప్పి తేవడానికీ వీల్లేదన్నారు. "చూడండి రావ్‌జీ, ఇన్నేళ్లూ ఈ ఉప్పుది ఏ ఊరని ఒక్కరూ అడగలేదు, ఇప్పుడు అందరూ అడుగుతున్నారు" అన్నారు మా సేఠ్‌జీ బస్తా మూతి కడుతూ.

పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తాన్ సరిహద్దులోని అట్టారీ గేటు మూసేసరికి అఫ్గాన్ ఎండుద్రాక్షా అంజీరూ కూడా చిక్కుకున్నాయి. అయినా మే నెలలోనే, ఆగిపోయిన 160 అఫ్గాన్ లారీలను మన దేశం లోపలికి రానిచ్చింది. గుర్తింపు ఇవ్వని తాలిబన్ ప్రభుత్వంతోనే మన విదేశాంగ మంత్రి ఫోన్‌లో మాట్లాడారు. కెనడాతోనూ ఇంతే. 2023 సెప్టెంబర్‌లో గొడవ ముదిరి, అక్టోబర్‌లో 41 మంది కెనడా దౌత్యవేత్తలు వెళ్లిపోయారు. మసూర్ పప్పు మాత్రం వస్తూనే ఉంది. ఆస్ట్రేలియా మసూర్ కూడా బజారులో ఉండడంతో ధర చేయి దాటలేదు.

ఏ సరుకుకైనా ఇద్దరు అడ్తిదారులుండాలన్నది బజారు నీతి. ఒకడితో మాట పట్టింపు వచ్చినా లెక్క తెగనివ్వకూడదు. విదేశాంగ విధానంలో దీన్నే ఢిల్లీలో పెద్ద పెద్ద పేర్లతో పిలుస్తారు గానీ, ఆ పని చేసి చూపించినవాడు మన పి.వి. నరసింహారావు. ఆయన 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి గల్ఫ్ యుద్ధం దెబ్బకు చమురు ఖర్చు పెరిగి ఖజానా ఖాళీ అయింది, బంగారం తాకట్టుకు పోయింది. ఏడాది తిరక్కుండా, ఆయుధాలకు మనం నమ్ముకున్న సోవియట్ యూనియన్ కూలింది. 1992 జనవరిలో యాసర్ అరాఫత్‌కు ఢిల్లీలో ఆతిథ్యమిచ్చి, అదే నెలాఖరున ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నారు. 1993 సెప్టెంబర్‌లో బీజింగ్ వెళ్లి సరిహద్దు శాంతి ఒప్పందం కుదుర్చుకున్నారు, ఆ నెలలోనే టెహ్రాన్ కూడా వెళ్లొచ్చారు. ఎవరితోనూ లెక్క తెంచుకోలేదు.

ఇంతవరకూ కొనేవాడి తెలివి. అమ్మేవాడిగా మన నడత ఎలా ఉందో చిట్టా రెండో పేజీ చెబుతుంది. ఇండోనేషియాను తిట్టుకున్న పక్షం రోజులకే, 2022 మే 13న, మనం గోధుమ ఎగుమతి ఆపేశాం. సెప్టెంబర్‌లో నూకల వంతు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం కూడా ఆపాం. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనవి. ఛత్తీస్‌గఢ్ మిల్లుల బియ్యం కాకినాడ రేవుకు చేరి, పశ్చిమ ఆఫ్రికాకు ఓడ ఎక్కుతుంది. ఆ ఆగస్టులో ప్రపంచ బియ్యం ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. సెనెగల్‌లోనో బెనిన్‌లోనో నాలాంటి గుమస్తా ధర పక్కన 'భారత్' అని రాసుకునే ఉంటాడు. 2024 సెప్టెంబర్ 28న తెల్ల బియ్యం మీద నిషేధం ఎత్తేశారు.

ఇంట్లో కొరత వస్తుందనుకుంటే తలుపు వేసుకోవడం ఏ ప్రభుత్వానికైనా తప్పదు. రాత్రికి రాత్రి వేయడమే అభ్యంతరం. ఎల్‌సీ (చెల్లింపుకు బ్యాంకు హామీ పత్రం) తెరిచిన గోధుమనూ, ఓడకు ఎత్తడం మొదలైన బియ్యాన్నీ అప్పట్లో వదిలారు, అది మంచి పనే. కానీ నోటిమాట మీద కుదిరిన బేరాలకు ఆ రక్షణ లేదు. గంట ముందు చెప్పకుండా సరుకు ఆపిన టోకు వ్యాపారి దగ్గరికి ఈ బజారులో ఎవరూ రెండోసారి రారు. ముందుగా గడువు చెప్పి, కుదిరిన బేరాలు తీర్చాకే ఎగుమతి ఆపేలా ఒక చట్టం ఉండాలి. మన బియ్యం మీద బతికే దేశాలకు మనం బాకీ ఉన్నది అదే.