అన్ని పనులకు ఒకే కటకము: గుణములు, దోషములు

పాఠశాల విజ్ఞాన సంఘమునకు ఒక కెమేరా సమకూరినది. ఒక్క కటకము కొనుటకు మాత్రమే డబ్బు మిగిలినది. దుకాణములో ఉపాధ్యాయునకు వినిపించు మాట సాధారణముగా ఇది: "సార్, ఇదొక్కటి తీసుకోండి, ఇంకేదీ అక్కర్లేదు." ఆయనకు చూపబడునది 18 నుండి 200 మిల్లీమీటర్ల వరకు నాభ్యంతరమును మార్చుకొనగల జూమ్ కటకము. ఆ మాటలో నిజమెంత, అతిశయోక్తి ఎంత? సంఘపు సొమ్ము పిల్లలు కూడబెట్టినది కావున, కొనుటకు ముందే ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట మంచిది.

నాభ్యంతరము తక్కువగా ఉన్నపుడు కటకము విశాలమైన దృశ్యమును పట్టును. ఎక్కువైనపుడు అందులో కొద్ది భాగమునే పట్టి పెద్దదిగా చూపును. 35 మి.మీ. ఫిలిము వాడు స్థిరచిత్రముల కెమేరాకు తొలి జూమ్ కటకము 1959లో వచ్చిన వోయిట్లాండర్ జూమర్. దాని పరిధి 36 నుండి 82 మి.మీ., అనగా రెండు రెట్లకు కొంచెము మించినది. 1992లో టామ్రాన్ సంస్థ తెచ్చిన 28–200 మి.మీ. కటకములో అది ఏడు రెట్లయినది. 2005లో నికాన్ సంస్థ డిజిటల్ కెమేరాలకై తెచ్చిన 18–200 కటకములో పదకొండు రెట్లయినది. దాని దృష్టికోణము 76 డిగ్రీల నుండి 8 డిగ్రీల వరకు మారును. బరువు 560 గ్రాములు. 2017లో వచ్చిన టామ్రాన్ 18–400 కటకములో ఈ పరిధి 22 రెట్లు. మనము 18–200 తరగతినే ప్రమాణముగా తీసికొందము.

ఈ తరగతికి చెందిన కటకము నొకదానిని మిత్రుని వద్ద అరువు తెచ్చి, అమీర్‌పేటలో మైత్రీవనము దగ్గర కాలిబాటపై నిలిచి పరీక్షించితిని. ఈ పనికి అంతకన్న మంచి ప్రయోగశాల దొరకుట కష్టము. శిక్షణ సంస్థల బోర్డులు అంతస్తు మీద అంతస్తుగా నిండి యున్నవి. వానిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు, ఫోను నంబర్లు అన్నియు కలవు. కంటి వైద్యుని గదిలో గోడకు వ్రేలాడు అక్షరముల పట్టిక వలె. 18 వద్ద కట్టడము మొత్తము, క్రింది జనసమ్మర్దముతో సహా, చిత్రములోనికి వచ్చినది. కాలు కదపక వలయమును త్రిప్పి 200 వద్ద తీయగా, మూడవ అంతస్తు బోర్డుపై గల ఫోను నంబరు చదువుటకు వీలైనది. రెండు చిత్రముల నడుమ పట్టినది రెండు క్షణములే. కటకము మార్చవలసి వచ్చినచో సంచి తెరువవలెను. ఈలోగా దుమ్ము కెమేరాలోనికి పోవును. చూడదలచినది కాస్త వెళ్లిపోవును. హుస్సేన్‌సాగరు గట్టున కొంగ మన కొరకు ఆగి ఎగురదు గదా! ఇది ఈ కటకపు మొదటి గుణము, అన్నిటికన్న పెద్ద గుణము.

రెండవ గుణము దాని నిర్మాణము. పైన చెప్పిన నికాన్ కటకములో 16 గాజు బిళ్లలు 12 సముదాయములుగా అమర్చబడినవి. అనగా గాలియు గాజును కలియు ఉపరితలములు 24. పూత లేని గాజు ఉపరితలము తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతమును వెనుకకు పంపును. 0.96ను 24 మార్లు హెచ్చించి చూచినచో, ఆవలికి చేరు కాంతి 38 శాతమునకు మించదని తెలియును. పలుచని పూతలతో ఆ నష్టమును అర శాతమునకు తగ్గించినచో, 89 శాతము చేరును. ఈ పూతల శాస్త్రము పెరుగనిచో ఇట్టి కటకము కాగితముపై గీతగానే మిగిలెడిది.

ఇక దోషములు. మొదటిది కాంతి కొరత. నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చునది ఎఫ్-సంఖ్య. ప్రతిబింబపు ప్రకాశము ఈ సంఖ్య యొక్క వర్గమునకు విలోమానుపాతములో ఉండును. మన కటకమున ఈ సంఖ్య 200 వద్ద 5.6 కన్న తగ్గదు. 50 మి.మీ. స్థిర కటకము తక్కువ వెలకు దొరకును, దానికి 1.8 సామాన్యము. రెంటిని పోల్చినచో స్థిర కటకము సుమారు పది రెట్లు ప్రకాశమునిచ్చును. దీపములు వెలిగిన తరువాత అవే బోర్డులను 200 వద్ద మరల తీసితిని. కంపన నివారణ ఏర్పాటు నా చేతి వణకును అణచినది గావున బోర్డులు స్పష్టముగానే వచ్చినవి. పుస్తకములు చంకన పెట్టుకొని నడచు విద్యార్థులు మాత్రము పొగవలె అలుకుకొనిపోయిరి. ఆ ఏర్పాటు మన చేతిని నిలుపును గాని ఎదుటివారిని నిలుపలేదు. సాయంకాలపు పాఠశాల వార్షికోత్సవమును తీయదలచినవారు ఈ సంగతి మరువరాదు.

రెండవది ఆకార దోషము. 18 వద్ద చిత్రపు అంచున నిలిచిన మెట్రో స్తంభము పీపా ప్రక్కవలె వెలుపలికి ఉబ్బినది. కంప్యూటరులో దీనిని సరిదిద్దవచ్చును. అయితే అట్లు చేయునపుడు మూలలు సాగి, మొదలే మందగించిన వివరములు మరికొంత మందగించును.

మూడవది విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసినది. పలుచని కుంభాకార కటకము నిజప్రతిబింబము నిచ్చునపుడు, వస్తువునకు ప్రతిబింబమునకు మధ్య దూరము నాభ్యంతరమునకు నాలుగు రెట్ల కన్న తగ్గదని పాఠములో చదివియున్నాము. ఆ లెక్కన 200 మి.మీ. కటకమునకు కనీసము 80 సెంటీమీటర్లు కావలెను. కాని పై నికాన్ కటకము 50 సెంటీమీటర్ల వద్ద గల పువ్వును స్పష్టముగా పట్టును. ఎట్లు? లోపలి బిళ్లలు జరుగునపుడు నాభ్యంతరమే తగ్గిపోవును. పెక్కు బిళ్లల అమరికకు పలుచని కటకపు లెక్క పూర్తిగా అన్వయింపదు గాని ఫలితము మారదు. వలయముపై 200 అని కనబడుచున్నను, దగ్గరి వస్తువునకు అది 200 కాదు. ఇది మోసము కాదు, నిర్మాణములోని ఉపాయము. అయినను ఆ సంఖ్యను నమ్మి పువ్వు కొలత కట్టిన విద్యార్థి లెక్క తప్పును.

కొలతకు కటకము ఎట్లుండవలెనో తెలియుటకు అమీర్‌పేట నుండి దూరము పోనక్కరలేదు. ప్రక్కనే బేగంపేటలో నిజామియా వేధశాల ఉండెడిది. దానిని 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించెను. నేడు ఆ ఆవరణలో సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ కలదు. అచ్చట 8 అంగుళముల వ్యాసము గల కటకముతో ఆకాశమును ఛాయాచిత్రములు తీసెడివారు. 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ ఆకాశ పటపు పనిలో, దక్షిణ ఖగోళమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చినది. ఆ ప్రణాళికలో గాజు పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక నిమిష కోణమునకు సరిపోవలెనని నియమము. సంవత్సరముల తరబడి తీసిన పలకలన్నిటిపై నక్షత్రముల స్థానములను కొలువవలెనన్నచో, ఈ కొలబద్ద స్థిరముగా నిలువవలెను. ఆ కటకము వేరొక పని చేయలేదు. చేయనందువలననే ఈ పనికి తగినది.

కావున తీర్పు ఇది. ఈ జూమ్ కటకము చూచుటకు మంచిది, కొలుచుటకు మంచిది కాదు. వంటింటి కత్తిపీట అన్ని కూరలను తరుగును. అయినను కంసాలి దానిని వాడడు. విహారయాత్రలు, పక్షులు, మొక్కలు, ప్రదర్శనలు, పగటివేళ ఆటలు — వీనికి దీనిని నిస్సంకోచముగా కొనవచ్చును. "ఇంకేదీ అక్కర్లేదు" అను మాటను మాత్రము నమ్మరాదు. డబ్బు చేరిన పిదప 50 మి.మీ. స్థిర కటకమును తోడు చేయవలెను. చీకటి వేళకు, కొలతకు అది పనికివచ్చును. స్థిర కటకముతోనైనను వస్తువు దూరమును మార్చక, ప్రక్కన స్కేలు నుంచి తీసిననే కొలత నమ్మదగినది.

కొనుటకు ముందు విద్యార్థులే పరీక్ష చేయవచ్చును. అక్షరములు నిండిన బోర్డును 18 వద్ద, 200 వద్ద తీసి, నడిమి అక్షరములను మూలల అక్షరములతో పోల్చవలెను. తిన్నని స్తంభమును చిత్రపు అంచున నిలిపి దాని వంపు చూడవలెను. కెమేరాను మెడలో వేసికొని నడచి, గొట్టము తనంతట జారుచున్నదేమో గమనింపవలెను. సూర్యునివైపు మాత్రము తగిన వడపోత లేక ఏ కటకమును త్రిప్పరాదు. ఈ పరీక్షకు అరగంట చాలును. దుకాణదారుని మాటకన్న, వలయముపై చెక్కిన సంఖ్యకన్న, తాము తీసిన చిత్రమును నమ్మవలెనని పిల్లలు నేర్చినచో, కటకము కొనకముందే సంఘమునకు లాభము చేకూరినట్లే.