చుంచెలుక అధివృక్క గ్రంథి: నమూనాగా దాని బలం, పరిమితి

అధివృక్క గ్రంథి నిర్మాణాన్ని మీరు ఇంతకుముందు చదివారు. పిండదశలో ఆ గ్రంథి ఏర్పడే తీరు గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం చుంచెలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఆ ఫలితాలను మానవ పిండానికి ఎంతవరకు అన్వయించవచ్చో ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందు ఈ నమూనా బలాన్ని గుర్తించాలి. చుంచెలుక గర్భావధి సుమారు 19 నుంచి 20 రోజులు. 10, 11 రోజుల మధ్య, మధ్యత్వచం నుంచి వచ్చిన ఉమ్మడి మూలం రెండుగా విడిపోతుంది. ఒకటి అధివృక్క వల్కలంగా, రెండోది బీజకోశంగా ఎదుగుతాయి. తరవాత న్యూరల్ క్రెస్ట్ కణాల సంతతి లోపలికి చేరి దవ్వగా మారుతుంది. ఎస్ఎఫ్-1 జన్యువు లోపించిన చుంచెలుకల్లో అధివృక్క గ్రంథులు, బీజకోశాలు రెండూ ఉండవని 1994లో తేలింది. కార్టికోస్టిరాయిడ్ల లోపం వల్ల ఆ పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే చనిపోతాయి. ఇలాంటి ప్రయోగం మనుషుల్లో చేయలేం.

ఇక పరిమితిని చూడండి. మానవ పిండ వల్కలంలో అధిక భాగం 'పిండ మండలం'. అది స్రవించే డీహెచ్ఈఏ సల్ఫేట్‌ను జరాయువు ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. శిశువు పుట్టిన కొన్ని నెలల్లో ఈ మండలం క్షీణిస్తుంది. చుంచెలుకలో దీనికి సాటిగా ఎక్స్-మండలాన్ని చూపుతారు. దీనిని 1927లో ఈవ్లిన్ హోవర్డ్-మిల్లర్ వర్ణించారు. ఇదీ పిండ వల్కలం నుంచి వచ్చినదే. అయితే ఇది మగ చుంచెలుకలో యౌవనారంభంలోనూ, ఆడదానిలో మొదటి గర్భధారణలోనూ అంతరిస్తుంది. పుట్టుక ఒకటే అయినంత మాత్రాన పని ఒకటే అనుకోవడం పొరపాటు.

ఈ పొరపాటు ఫలితం చిన్నది కాదు. ఒక మందు ఇచ్చినా చూలు చుంచెలుకలో ఈస్ట్రోజన్ తగ్గలేదనుకోండి. ఆ మందు గర్భిణికి కూడా క్షేమమని చెప్పగలమా? చెప్పలేం. చుంచెలుకలో గర్భధారణ కాలపు ఈస్ట్రోజన్ తల్లి స్త్రీబీజకోశాల నుంచి వస్తుంది. మానవులలో దాని తయారీకి పిండం అధివృక్క గ్రంథి కూడా తోడ్పడాలి. మందు ప్రభావం పడే ఆ మార్గమే చుంచెలుకలో లేదు.

కాబట్టి అవయవం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నకు చుంచెలుక మంచి సాక్షి. ఆ అవయవం గర్భంలో ఏమి చేస్తుందన్న ప్రశ్నకు మాత్రం దాని సాక్ష్యాన్ని వేరుగా పరీక్షించాలి. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు ప్రతి వాక్యం ఏ జంతువుకు చెందినదో స్పష్టంగా పేర్కొనండి.