కొమ్ము చూశాకే గురి

అలాస్కా ఆగ్నేయ తీరంలో చాలాచోట్ల కొండమేకల వేట ఆగస్టు 1న మొదలై డిసెంబరు 31తో ముగుస్తుంది. ఈ ఐదు నెలల్లో ఎప్పుడు వెళ్లాలన్న దగ్గరే పేచీ వస్తుంది. ఆగస్టులో పగలు పొడుగు, రాళ్లు పొడిగా ఉంటాయి. కానీ మేక పాత బొచ్చు రాల్చేసి కురచగా కనిపిస్తుంది. నవంబరుకల్లా ఒంటినిండా ఒత్తుగా ఉన్ని దిగుతుంది. అప్పటికి రాయి మంచుగట్టి జారుతుంటుంది, చరియల మీద పేరుకున్న మంచు ఎప్పుడు విరిగిపడుతుందో తెలియదు. ముసురు పట్టిందంటే గుడారంలోనే కాలక్షేపం. అందుకే సంచిలో తూటాల కన్నా ముందు అదనపు రోజులకు తిండి సర్దుకోవాలి.

ఆ ఉన్ని విలువ అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ ప్రజలకు బాగా తెలుసు. చిల్కాట్ నది ఒడ్డున క్లుక్వాన్ అనే ఊరుంది. ఆ నది పేరుమీదే చిల్కాట్ దుప్పట్లు ప్రసిద్ధి. దేవదారు జాతి చెట్టు లోపలి బెరడును చీల్చి, మేక ఉన్నితో కలిపి, తొడ మీద అరచేత్తో పురిపెట్టి పడుగు తీస్తారు. పేకకు ఉన్ని ఒక్కటే. నాడె, పలక ఏవీ ఉండవు, అంతా వేళ్లతోనే అల్లిక. మన మగ్గం మీద గుండ్రటి బొమ్మ తీయాలంటే అంచుల్లో మెట్లు పడతాయి. వీళ్లు సున్నాను సున్నాలాగే నేస్తారు. ఒక దుప్పటికి ఏడాది దాకా పడుతుంది. కొమ్ములను ఆవిరిలో మెత్తబరిచి చెంచాలు చెక్కేవాళ్లు. మాంసం సరేసరి.

పేరుకు మేకే గానీ ఇది అసలు మేకల జాతి కాదు. మన నల్లమలలో కొండగొర్రె అనేది గొర్రె కానట్టే. దీని గిట్టకు చుట్టూ గట్టి అంచు, లోపల రబ్బరులాంటి మెత్త. నిలువు రాతిగోడ మీద జానెడు చోటు దొరికితే చాలు, హాయిగా నెమరేస్తూ పడుకుంటుంది.

వేటగాడికి అసలు పరీక్ష పోతును పోల్చుకోవడం. ఆడమేకకూ కొమ్ములుంటాయి, గడ్డమూ ఉంటుంది. దూరం నుంచి రెండూ తెల్లటి మచ్చలే. దుర్భిణిని రాతిమీద కదలకుండా ఆనించి, కొమ్ము మొదలు చూడాలి. పోతుకు మొదలు లావు, రెండు కొమ్ముల మధ్య సందు తక్కువ, వంపు మొదటి నుంచి కొస దాకా ఒకేలా సాగుతుంది. ఆడదానికి కొమ్ము సన్నం, నిటారుగా వెళ్లి కొస దగ్గర చటుక్కున వెనక్కి వంగుతుంది. అయినా సందేహమేనా? అది మూత్రానికి లేచేదాకా ఆగండి. ఆడది వెనకకాళ్ల మీద కుంగుతుంది, పోతు ఒళ్లు ముందుకు సాచుతుంది. గంటసేపు చలిలో ఇందుకోసం పడుకోవడం వింతగా అనిపించవచ్చు. కానీ ఆడమేక నాలుగైదేళ్లు నిండితే గానీ ఈనదు, ఈనినా మామూలుగా ఒకటే పిల్ల. పొరపాటున రెండు మూడు ఆడవి పోయినా చిన్న మంద కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇక గాలివాటు. ఎండెక్కాక గాలి లోయలోంచి పైకి వీస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగుతుంది. శత్రువు కిందినుంచే వస్తాడని మేక నమ్మకం, దాని చూపు అటే. కాబట్టి చుట్టూ తిరిగి శిఖరం ఎక్కి, పగటి గాలి ఉండగానే పైనుంచి దిగడం మేలు.

దగ్గరికి వెళ్లినా వెంటనే పేల్చకూడదు. అంచున నిలబడ్డ మేకను కొడితే వందల అడుగులు దొర్లిపోతుంది. కొమ్ములు విరుగుతాయి, మాంసం చితుకుతుంది, ఒక్కోసారి మనిషి దిగలేని చోట పడుతుంది. తినదగ్గ మాంసాన్ని కొండమీద వదిలేయడం అలాస్కా చట్టం ప్రకారం నేరం. అందుకే మేక చదునుకు నడిచేదాకా ఆగాలి. నడవకపోతే ఆ రోజుకి అంతే.

అమెరికాలోని మనవాళ్లలో ఎవరికైనా మనసైతే ఒక్కమాట. అలాస్కా నివాసులు కానివారు లైసెన్సున్న గైడు గానీ, అక్కడే స్థిరపడ్డ దగ్గరి బంధువు గానీ వెంట లేకుండా ఈ వేటకు వెళ్లకూడదు. ఇండియాలో ఉంటూ వేటకని వెళ్లేవారికి బంధువు చాలడు, గైడు ఉండాల్సిందే.