వీహ్స్ - విశ్ - వీడు

మూసారాంబాగు పేరు విన్నవారికి అందు మూసీనదియు రాముడును స్ఫురించుట సహజము. నదియు ఆ ప్రాంతమునకు సమీపముననే యున్నది. కాని ఆ పేరు నిజాం అలీఖాన్ కొలువున సేనానియై యుండి 1798లో మరణించిన ఫ్రెంచివాడు ముస్యే రేమండ్‌ది. 'ముస్యే' యనగా 'అయ్య' అని యర్థము. జనుల నోట నది 'మూసారాం' అయినది. 'బాగ్' తోట యను పారసీక పదము. ఇచ్చట ధ్వనిసామ్యము త్రోవ తప్పించినను చరిత్ర మనలను సరిదిద్దినది. చరిత్ర పలుకని ప్రాచీన పదములకు సాక్షి యెవరు? నియతమైన ధ్వనిసూత్రమే.

ఇందుకు గోతిక్ భాషనుండి యొక యుదాహరణము. నాలుగవ శతాబ్దిలో వుల్ఫిలా చేసిన బైబిలు అనువాదమున పల్లెకు 'హైమ్స్', 'వీహ్స్' అను రెండు మాటలు కనబడును. వీనిలో రెండవదానికి లాటిన్ 'వీకుస్' (పల్లె, వాడ), గ్రీకు 'ఒయ్‌కొస్' (ఇల్లు), ఋగ్వేదమందలి 'విశ్' (జనావాసము, ప్రజ) జ్ఞాతులు. సంస్కృతమున శకార మున్నచోట లాటిన్, గ్రీకులందు కకారమును, గోతికున హకారమును వచ్చుటకు నూటిని చెప్పు శతమ్, కెంతుమ్, హెకతోన్, హుంద్ అను పదములే నిదర్శనము. గ్రీకున పదాది వకారము లోపించినది.

ఇక తెలుగు 'వీడు'. పట్టణమను నర్థమునను, వినికిడిని బట్టియు నిది 'వీహ్స్'నకు చేరువగా తోచును. ఈ రెంటిని ముడివేయుట సులభము. కాని యుక్తము కాదు. 'వీడు' ద్రావిడ ధాతువైన 'విడు' నుండి పుట్టినది. విడియుట, విడిది దాని తోబుట్టువులు. తమిళమున 'వీడు' ఇల్లు. విడిసిన చోటే నివాసమై పట్టణమైనది. ఇందలి డకారమును గోతిక్ హకారముతో కలుపు సూత్రమేదియు లేదు.

'వీహ్స్'నకు నిజమైన బంధువులు మన వాడుకలో లేకపోలేదు. వైశ్యుడు, ప్రవేశము, నివేశనము అను తత్సమములు ఆ వంశమునకు చెందినవే. అయితే అవి సంస్కృతమునుండి మనకు వచ్చిన యరువు. 'వీడు' మన సొంత సొత్తు. అరువు వేరు, ధాతువు వేరు అను నీ వివేకముతోనే 1816లో ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించెను. పరిశోధకుడు దీనిని మరచి చెవిని మాత్రమే నమ్మినచో, మూసారాంబాగు పేరున మూసీనదిని వెదకినట్లే యగును.