పటం మీద పేరు, ఓడలో పెత్తనం

యాత్రాసాహిత్యం గురించి మాట్లాడినప్పుడల్లా నేనొక మాట అంటూ ఉండేవాణ్ణి: కొత్త తీరానికి నావికుడు పేరు పెట్టడమంటే అక్కడి ప్రజలు పెట్టుకున్న పేరును చెరిపెయ్యడమే అని. ఒక సభలో ఒక విద్యార్థిని లేచి, "మనుషులే లేని ద్వీపం మాటేమిటి సార్? అక్కడ ఎవరి పేరు చెరిపారు?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. నినాదం చేతిలో ఉండి నిదర్శనం లేకపోవడం విమర్శకుడికి చిన్న లోపం కాదు. దాన్ని దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన కెర్గెలెన్ దీవులున్నాయి. అక్కడ స్థానిక ప్రజలంటూ ఎన్నడూ లేరు. 1772 ఫిబ్రవరిలో ఫ్రెంచి నౌకాధికారి కెర్గెలెన్ ఈ తీరాన్ని చూశాడు గాని, తాను కాలు మోపలేదు. అయినా దానికి 'దక్షిణ ఫ్రాన్స్' అని పేరు పెట్టి, ఎంతో ఆశాజనకమైన నేల అని స్వదేశంలో చెప్పుకున్నాడు. రెండో యాత్రకు ఓడలు దొరికాయి. అంటే ఆ పేరు నేలను వర్ణించలేదు. రాజుగారికి పెట్టుకున్న అర్జీగా పనిచేసింది. రెండో యాత్రలో బండలూ చలిగాలీ తప్ప మరేమీ తేలలేదు. తిరిగొచ్చాక, ఇతర ఆరోపణలతో కలిపి విచారణ జరిగి, ఆయన ఖైదుపాలయ్యాడు.

ఆ యాత్రలోనే, 1774 జనవరిలో, 'లువాజో' (పక్షి అని అర్థం) అనే ఓడవాళ్లు ఉత్తరాన ఒక అఖాతంలో దిగారు. అఖాతానికి ఓడ పేరే వచ్చింది. తమ రాకకు గుర్తుగా ఒక రాతను సీసాలో పెట్టి వెళ్లారు. 1776లో క్రిస్మస్ నాడు జేమ్స్ కుక్ అక్కడే లంగరు వేసి, దాన్ని 'క్రిస్మస్ రేవు' అన్నాడు. ఫ్రెంచివారి సీసా దొరికాక, ఆ రాత వెనుకవైపునే తన ఓడల పేర్లు రాయించాడు. కెర్గెలెన్ అప్పటికే పేరు పెట్టిన ఒక రాతిదిబ్బకు, తెలియక, తన ఓడ అధికారి బ్లై పేరు పెట్టాడు. ఆ సీసా కుక్‌కు తెచ్చిచ్చినవాడు ఒక మామూలు నావికుడు. కుక్ గ్రంథం అతని పేరు చెప్పదు.

ఆ విద్యార్థినికి జవాబు ఇక్కడే ఉంది. నిర్జన ద్వీపంలో పేర్లు చెరపడానికి పరాయి ప్రజలు లేరు, నిజమే. కాని పటం మీదికి ఎక్కినవి ఓడ, పండుగ, అధికారి. తెరచాప లాగిన చేతులు ఎక్కలేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కుక్ ఈ ద్వీపాన్ని 'నిర్జీవ ద్వీపం' అనవచ్చునని తలచి కూడా, కెర్గెలెన్‌కు దక్కవలసిన గౌరవం తీసెయ్యడం ఇష్టంలేక అతని పేరే ఉంచాడు. అయితే సీల్ వేటగాళ్ల నోట నిలిచింది ఆ రెండో మాటే. 1825లో అక్కడ ఓడ పగిలి రెండేళ్లకు పైగా చిక్కుబడిన జాన్ నన్ అనే వేటనావికుడి అనుభవాలు 1850లో పుస్తకంగా వచ్చినప్పుడు, శీర్షికలో ఉన్నదీ ఆ మాటే. వర్తకులు సీళ్ల తోలూ నూనే మోసుకుపోయి లాభం చేసుకున్న చోటును, అక్కడ కష్టపడ్డవాడు ఏమన్నాడో ఆ శీర్షిక చెబుతుంది.

అందుచేత నా పాత వాక్యాన్ని సవరించుకుంటున్నాను. పేరు మొదట చెప్పేది ఓడలో కలం ఎవరి చేతిలో ఉందో. జనం ఉన్న తీరంలో ఆ కలం వారి పేర్లను కొట్టేస్తుంది. జనం లేని తీరంలో తన ఓడలోనివారినే రాయకుండా వదిలేస్తుంది. మొదటిదాన్ని మనం తొందరగా గుర్తుపడతాం. రెండోది కంటికి ఆనదు.

1973లో గ్రాసీ డెలెపిన్ ఈ దీవుల పేర్లను సేకరించి గ్రంథస్థం చేసింది. పేరు చదివి ఊరుకోకుండా, ఎవరు, ఎప్పుడు, ఏ అవసరానికి పెట్టారని అడగడం మనకూ అలవాటు కావాలి. ఆ అఖాతం ముఖద్వారంలోని రాతి కమాను ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కూలిపోయింది. రెండు స్తంభాలే మిగిలాయి. అయినా దాన్ని ఇప్పటికీ కమాను అనే పిలుస్తున్నారు.