గజం, గుంట, గడియారం

పోయిన వారం మా మేనల్లుడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "మామా, గాల్ఫ్‌లో దూరం చూపించే జీపీఎస్ వాచీ ఒకటి తీసుకుందామని ఉంది. తక్కువలో ఏది మేలు?" అన్నాడు. పావగడ తాలూకాలో కూర్చున్నవాణ్ణి గాల్ఫ్ గురించి అడగడమేమిటని నవ్వకండి. మా దగ్గర పచ్చిక అంటే గొర్రెలు మిగిల్చిందే. వాడడిగింది ఆట గురించి కాదు, కొలత గురించి. నాకున్న కొలతల పిచ్చి మీకు తెలిసినట్టే వాడికీ తెలుసు.

నాకు చిర్రెత్తింది. బెంగళూరు గాల్ఫ్ క్లబ్బు 1876లో మొదలైంది. అక్కడ వందేళ్లకు పైగా ఏ ఉపగ్రహమూ చెప్పకుండానే బంతి కొట్టారు కదా! "దేవుడు రెండు కాళ్లిచ్చాడు, అంగలేసుకో. డబ్బు దండగ" అన్నాను. ఇది నా పాత పాటే. గొలుసుకు నా అంగలు 26, పైన ఒక అడుగు. ఈ మాట ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకే బాగా తెలుసు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఇంకోసారి చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టండి. గొలుసంటే సర్వే గొలుసు. 66 అడుగులు, 100 లింకులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల. నా చిన్నప్పుడు మా నాయనకూ చిన్నాయనకూ గెనిమె తగువొస్తే, సర్వేయరు దాన్ని తీసుకొచ్చి చెనక్కాయ చేనంతా పరిపించాడు. గొలుసు చివర గుచ్చిన ఇనుప పుల్లలు ఏరుకొచ్చే పని నాది. ఎండకు ఆ గొలుసు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. కొలత అయ్యేదాకా అన్నదమ్ములిద్దరూ చెరో పక్క నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి తేడా తేలింది: గుంటలో సగం కూడా లేదు. దానికోసం మూడేళ్లు మా రెండిళ్ల మధ్య పండగ పిండివంటలు ఆగిపోయాయి. మా అమ్మ మాత్రం చీకటి పడ్డాక నా చేత చిన్నమ్మకు ఓళిగలు పంపేది. ఆ సంగతి మా నాయన పోయేదాకా ఆయనకు తెలియదు, లేదా తెలియనట్టు ఉన్నాడు. నాకు పాతికేళ్లొచ్చాక అలాంటి గొలుసే ఒకటి అడిగి తెచ్చుకుని దాని వెంట పదిసార్లు నడిచి, నా అంగ రెండున్నర అడుగులని ఖాయం చేసుకున్నాను. ఊళ్లో తగువుల్లో మళ్లీ ఎవరి పిండివంటలూ ఆగకూడదనే అప్పుడు నా ఉద్దేశం.

గుంటంటే 11 గజాల పొడవు, 11 గజాల వెడల్పు. అలాంటివి 40 అయితే ఎకరా. మడకశిర వైపు దాటితే లెక్క సెంట్లలోకి మారుతుంది, ఎకరాకు 100. మాకు మూడు పక్కలా ఆంధ్రే కాబట్టి ఈ తాలూకాలో సంబంధం మాట్లాడుకునేటప్పుడు "పది ఇస్తాం" అంటే పది ఏమిటో ముందే అడగాలి. పది గుంటలంటే 25 సెంట్లు! అలా అడగక పొరబడిన ఒక పెళ్లి కథ మీకు రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెబితే పెళ్లికూతురి తరఫువాళ్లు నన్ను బతకనివ్వరు.

ఇప్పుడు గుంటకు ధర కూడా తెలిసొచ్చింది. తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు ప్రాంతంలో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు లేచింది. రైతులు భూమి అమ్మకుండా ఎకరాకు ఏటా 21,000 రూపాయల లెక్కన కౌలుకిచ్చారు, రెండేళ్లకోసారి కొంత పెరిగేట్టు. అంటే మొదట్లో గుంటకు 525. ఇక ఫోన్ జీపీఎస్ సంగతి చూడండి. ఆకాశం తెరిపిగా ఉన్నప్పుడు కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చదరంగా ఉన్న ఎకరాకు ఒక్కో పక్క 64 మీటర్లు. ఒక్క గెనిమె 5 మీటర్లు జరిగిందా, మూడు గుంటలకు పైనే పోయినట్టు, ఏడాదికి 1,600 పైమాటే. సర్వేవాళ్ల రోవర్ అయితే నేల మీద పాతిన స్టేషన్ల నుంచి సవరణ అందుకుని సెంటీమీటర్లలో చెబుతుంది. దాని ధర వేరే. ఫోన్ పట్టుకుని చేను చుట్టూ తిరిగి "అన్నా, నీది 12 గుంటలు తక్కువ" అనే కుర్రాళ్ల మీద నాకు కోపం ఇందుకే.

ఇంతా ఫోన్లో విని మేనల్లుడు ఒకటే అన్నాడు: "ఆదివారం రా మామా, స్నేహితుడి వాచీ ఉంది. నీ అంగలూ చూద్దాం."

వెళ్లాను. తెల్లవారుజామున గాల్ఫ్ మైదానం ఖాళీ. బంతి ఒకచోట ఆగింది. వాచీలో మూడు అంకెలున్నాయి: గ్రీన్, అంటే గుంత ఉండే నున్నటి పచ్చిక, దాని ముందంచుకు, మధ్యకు, వెనకంచుకు. మధ్యకు 151 గజాలంది. నేను అక్కణ్నుంచి నడిచాను. 204 అంగలు. రెండున్నర చొప్పున 510 అడుగులు, 170 గజాలు. "చూశావా, నీ యంత్రం 20 గజాలు మింగేసింది!" అని వెనక్కి తిరిగి కేకేశాను.

క్యాడీ కుర్రాడు నవ్వాపుకుంటూ కన్నడంలో చెప్పాడు: "సార్, మీరు బయల్దేరిన చోట ఆ తెల్ల కొయ్య చూడండి. దాని నుంచి గ్రీన్ మధ్యకు 150."

కొయ్య పాతింది ఉపగ్రహం కాదు, మనిషి. నేనింకేం మాట్లాడలేదు.

తిరుగు బస్సులో మేనల్లుడి ప్రశ్నకు జవాబు దొరికింది. 2000 మే నెల దాకా అమెరికావాళ్లు పౌరులకిచ్చే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేవాళ్లు. 100 మీటర్ల దాకా తప్పొచ్చేది. అది ఆపేశాక ఈ ఆటకు చవక పరికరం కూడా చాలినంత పదునెక్కింది. ఐదు మీటర్ల తేడా పొలం గెనిమె దగ్గర అన్నదమ్ముల్ని విడదీస్తుంది. గాల్ఫ్‌లో మామూలు ఆటగాడి దెబ్బే అంతకన్నా ఎక్కువ తప్పుతుంది. జెండా ఉన్న గుంత చోటు రోజూ మారుస్తారు, అది జీపీఎస్‌కు తెలియదు. కచ్చితంగా జెండాకే దూరం కావాలంటే లేజర్ దుర్బిణీ కొనాలి, కొత్తగా ఆడేవాడికి అక్కర్లేదు. ఎత్తుపల్లాలు లెక్కగట్టి చెప్పే హంగుకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు. 2019 నుంచి అమల్లో ఉన్న ఆట నిబంధనల్లో దూరం చూసుకోవచ్చు గానీ, పోటీలో ఎత్తు తేడా చూసుకుంటే తప్పు. ముందు ఫోన్లో ఉచితంగా దొరికే యాప్‌తో నెల రోజులు ఆడు. ఆ తర్వాత కొనేదేదైనా నువ్వాడే మైదానం మ్యాపు అందులో ఉందో లేదో, ఏటేటా చందా అడుగుతుందో లేదో, ఐదు గంటల ఆటకు బ్యాటరీ నిలుస్తుందో లేదో చూసుకో. ఈ మూడూ కుదిరినవాటిలో అన్నిటికన్నా చవకది తీసుకోమని రాసి పంపాను. దండగ అన్న మాట వెనక్కి తీసుకున్నాను.

ఆ 20 గజాలు మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయాయి. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే సరిగ్గా ఒక గొలుసు. నిన్న సాయంత్రం మా హైస్కూలు మైదానంలో పిల్లల ఆట కాసేపు ఆపించి, వికెట్ల నుంచి వికెట్లకు నడిచాను. మూడుసార్లు నడిచాను. మూడుసార్లూ 30. నా అంగ రెండున్నర నుంచి రెండూ పాతికకు లోపలికొచ్చింది. ఎప్పుడొచ్చిందో కాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి ఊళ్లోవాళ్లకు ఒక మనవి. ఈ పదేళ్లలో నా చేత అంగలేయించి అన్నదమ్ములు సగం సగం పంచుకున్నవాళ్లు దిగులుపడొద్దు. రెండు సగాలూ ఆ పొట్టి అంగలతోనే కొలిచాను, వాటాల్లో తేడా ఉండదు. నా లెక్క నమ్మి ముళ్లతీగ కొన్నవాళ్లు మాత్రం టేపు పట్టి ఇంకోసారి కొలవండి. 66 అడుగులున్న చోట 75కు సరిపడా కొనిపించి ఉంటాను. మిగిలిన తీగ చుట్ట మీ కొట్టంలోనే ఎక్కడో పడి ఉంటుంది.