అన్నయ్యని కాసేపు పక్కన పెట్టు

‘నాన్న అన్నయ్యనీ నేనూ పాపికొండలు తీసుకెళ్ళారు’ అని గోదావరి జిల్లాల్లో ఏ పిల్లాడూ అనడు. పలక పట్టకముందే ‘నన్నూ’ అనడం వాడికొచ్చు. అదే పిల్లాడు పదో తరగతికొచ్చి, ఇంగ్లీషులో ‘ఫాదర్ టుక్ మై బ్రదర్ అండ్ ఐ’ అని రాస్తాడు. విభక్తి తెలియక కాదు, మనం నేర్పిన మర్యాద వల్ల.

‘నేనూ అన్నయ్యా వెళ్ళాం’ అంటే మన దగ్గర తప్పు పట్టేవారు లేరు. ఇంగ్లీషు మర్యాద ప్రకారం తన సంగతి చివర చెప్పుకోవాలి. ‘మీ అండ్ మై బ్రదర్ వెంట్’ అన్నవాణ్ణి దిద్ది దిద్ది ‘మై బ్రదర్ అండ్ ఐ’ బట్టీ పట్టిస్తాం. ఇక ఆ జంట విడిపోదు, కర్మ ఉండాల్సిన చోటికీ అలాగే వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషు వాళ్ళకీ ఉన్న జబ్బే ఇది. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో ఆంటోనియో రాసిన ఉత్తరం చూడండి, ‘బిట్వీన్’ తర్వాత ‘ఐ’యే ఉంటుంది.

ట్యూషన్‌లో నేను చెప్పే చిట్కా ఒక్కటే.

‘‘ఒరేయ్, అన్నయ్యని కాసేపు పక్కన పెట్టి చదువు.’’

‘‘ఫాదర్ టుక్ ఐ... కాదండి మాస్టారూ, టుక్ మీ అండి!’’

ఒకప్పుడు ఇంగ్లీషు నామవాచకాలకీ విభక్తి రూపాలుండేవి. చాలావరకు రాలిపోయి ‘ఐ-మీ’, ‘హి-హిమ్’ లాంటి సర్వనామాల్లో మిగిలాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో కర్తకి ‘యీ’, కర్మకి ‘యు’. ఇవాళ రెండింటికీ ‘యు’ ఒక్కటే.

తెలుగు ‘నన్ను’కి ‘మీ’ సరిపోయింది కదా అని ‘నాకు’ కనబడ్డ ప్రతిచోటా ‘మీ’ పెడితే బోల్తా పడతాం. ‘నాకు తెలుసు’, ‘నాకు జ్వరమొచ్చింది’ ఇంగ్లీషులోకి వెళితే రెండింటికీ కర్త ‘ఐ’. ఈ తేడా మాత్రం కూర్చోబెట్టి చెప్పాల్సిందే. తలుపు తట్టి ‘ఇట్ ఈజ్ ఐ’ అనాలా, ‘ఇట్స్ మీ’ అనాలా అన్న తగువులో నా ఓటు రెండోదానికే. మొదటిది పరీక్ష పేపరుకి దాచుకోండి.

రాజమండ్రిలోనూ కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. దాన్ని రాసింది ఇంగ్లీషులో. దొరలు మన విభక్తుల్ని తమ భాషలోనే నేర్చుకున్నారు. మన పిల్లలకి ఆ పాటి వెసులుబాటు ఎందుకుండకూడదు? ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులవారికి నా మనవి: వాక్యాన్ని ఒక్కసారి తెలుగులో అనుకోనివ్వండి, జరిమానా తర్వాత వేద్దురుగాని.